ణతో మొదలయ్యే మాట, గుంటూరు బోర్డు

సందేహం: మేముండేది విజయవాడలో, మా పుట్టిల్లు గుంటూరు. నెలకు రెండుసార్లయినా కారులో వెళ్లొస్తుంటాం. దారి పొడుగునా పిల్లలతో బోర్డుల ఆట ఆడతాం. క నుంచి వరుసగా ఒక్కో అక్షరం చెప్పుకుంటూ, దానితో మొదలయ్యే మాటను బోర్డు మీద ఎవరు ముందు చూస్తే వాళ్లకు ఒక మార్కు. ఙ, ఞ ఎలాగూ దొరకవని మొదట్లోనే వదిలేశాం. మొన్న ణ దగ్గర ఆట ఆగిపోయింది. ణతో ఏ మాటా మొదలవదని మా అత్తగారు అన్నారు. మూడో తరగతి చదివే మా అమ్మాయి గుంటూరు బోర్డు చూపించి, "ఇందులో ణ ఉంది, గుణ్టూరు అనే కదా అంటాం" అని మార్కు అడిగింది. అది సున్న, ణ ఎలా అవుతుందని వాళ్లన్నయ్య పేచీ. ఎవరి మాట సరైనది?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, ముందు మీ అమ్మాయికి ఆ మార్కు వేసేయండి. అందరూ కంటితో వెతుకుతుంటే తను చెవితో వెతికింది. మూడో తరగతి పిల్ల ఆ పని చేసిందని చదివి నాకు చాలా సంతోషం వేసింది.

రాతలో సున్న ఒకటే, పలుకులో అది ఐదు. తరవాత ఏ హల్లు వస్తే ఆ వర్గంలోని అయిదో అక్షరంగా పలుకుతుంది. క, గ ముందు ఙ; చ, జ ముందు ఞ; ట, డ ముందు ణ; త, ద ముందు న; ప, బ ముందు మ. కారులోనే పరీక్ష చేసి చూడండి. మంగళగిరి అంటూ సున్న దగ్గర ఆగితే నాలుక మొదలు లేచి అంగిలి వెనకభాగాన్ని తాకుతుంది. నంబూరు దగ్గర పెదవులు మూసుకుంటాయి. గుంటూరు అన్నప్పుడు నాలుక కొన పైకి మడతపడి అంగిలిని అంటుతుంది. అదే ణ. మీరు దొరకదని వదిలేసిన ఙ ఇన్నాళ్లూ మంగళగిరి బోర్డులోనే ఉంది.

మిగిలిన రెండింటికీ హైదరాబాదు దారి పట్టాలి. నందిగామలో న, కంచికచర్లలో ఞ. తాడేపల్లి దగ్గరే కుంచనపల్లి ఉంది కదా, అక్కడా చ ముందు సున్నే కదా అని పిల్లలు అడగవచ్చు. కుంచనపల్లిలోది దంత్య చకారం, అంటే పళ్ల దగ్గర పలికేది, 'చలి' అనేటప్పటి చ. దాని ముందు సున్న న వైపే మొగ్గుతుంది. కంచిలోది తాలవ్యం, అంటే అంగిలి దగ్గర పలికే చ, అందుకే అక్కడ ఞ స్పష్టంగా వినిపిస్తుంది. ఞను కంటితోనే చూడాలనుకుంటే గుంటూరులో వేంకటేశ్వర విజ్ఞాన మందిరం బోర్డు చూపించండి. మనం 'విగ్నాన' అని పలికినా, రాతలో జ కింద ఉన్న వత్తు ఞదే.

ఇక మీ అత్తగారి మాట. అదీ నిజమే. వ్యాకరణంలో 'ణత్వం' (న ణగా మారడం) అనే పారిభాషిక పదం ఉంది, జైనుల ప్రాకృత మంత్రంలో 'ణమో' ఉంది. కానీ ఇవి దుకాణాల బోర్డుల మీదికి వచ్చే మాటలు కావు. సంస్కృతం నుంచి వచ్చి ణ ఉన్న చాలా మాటల్లో అసలున్నది న. దానికి ముందు ర, ష, ఋ లలో ఏదైనా ఉంటే చాలాచోట్ల అది ణ అవుతుంది. 'యానం'లో న, ముందు 'ప్ర' చేరగానే 'ప్రయాణం'. మీరు వారధి మీద దాటే కృష్ణలోనూ అదే కథ. తనకు ముందు ఇంకో అక్షరం ఉంటేనే పుట్టే ధ్వని మాట మొదట్లో ఎలా ఉంటుంది? వీణ, గుణం లాంటివి ఈ సూత్రానికి లొంగవు, వాటిలోనూ ణ చివరే ఉంది.

అచ్చతెలుగు సంగతి నాకు ఇంకా ఇష్టం. కన్నడంలో కణ్ణు, మణ్ణు, బెణ్ణె. మనకు కన్ను, మన్ను, వెన్న. జంట ణ తెలుగులో న అయిపోయింది. వణుకు, గొణుగు, సణుగు వంటి మాటల నడుమ ఒంటి ణ మిగిలింది. అయితే 'కన్ను'కు విభక్తి చేర్చి 'కంటికి' అనండి. ఎప్పుడో పోయిందనుకున్న ణ ట ముందు సున్నలో మళ్లీ పలుకుతుంది. మన్ను, మంటి కూడా అంతే. మీ అమ్మాయి విన్నది ఈ ణనే.

ఆట ముందుకు సాగితే ళ దగ్గర మళ్లీ ఆగుతుంది కనుక అదీ చెబుతాను. తెలుగు, తమిళం వంటి భాషలకు మూలమైన మూల ద్రావిడంలో ట, ణ, ర, ల, ళ వంటివి మాట మొదట వచ్చేవి కావు. తెలుగులో అచ్చూ హల్లూ చోటు మారడం వల్ల కొన్ని ముందుకొచ్చాయి. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. తమిళంలో ఉరల్, మనకు రోలు. అక్కడ ఉళ్, ఇక్కడ లో. అక్కడ ఇళం, ఇక్కడ లేత. చివరి రెండూ చూడండి, మొదటికి వచ్చిన ళ ల గా మారింది. అందుకే ళతో మొదలయ్యే తెలుగు మాట మీకు కనిపించదు.

కాబట్టి ణ, ళ లకు 'మొదలయ్యే' అన్న నియమం తీసేయండి, మాటలో ఎక్కడున్నా చాలు. ళకు మంగళగిరి ఉంది, విజయవాడలోనే కాళేశ్వరరావు మార్కెట్టు ఉంది. కళ్యాణమండపం బోర్డుకు ళ మార్కు అడిగితే? సంస్కృతంలో అది కల్యాణం. తెలుగు నోట కళ్యాణం స్థిరపడింది కనుక నేనైతే ఇస్తాను. ఱను మాత్రం వదిలేయండి, ఇప్పటి బోర్డుల మీద గుర్రానికి కూడా అది దొరకడం లేదు.

మీ అబ్బాయి పేచీలోనూ న్యాయం ఉంది. బోర్డు మీద రాసింది సున్నే. అది విడిగా ఒక అక్షరం కూడా కాదు, గుతో కలిసి 'గుం' అవుతుంది. గుం, టూ, రు, మూడే అక్షరాలు. చూసే ఆటా, వినే ఆటా అన్నది ఈసారి వారధి ఎక్కకముందే తేల్చుకోండి. వినే ఆటైతే మొదటి వంతు అబ్బాయికి ఇవ్వండి.