సమాధానం: వినోదపు ఖర్చును ఎక్కడ తగ్గించుకోవచ్చు
నమస్కారమండీ. ఒంగోలులో మీ నలుగురికీ సినిమాలు, ఓటీటీలు, హోటల్ భోజనాలు కలిసి నెలనెలా ఖర్చు చేయి దాటిపోతోందని, ఎక్కడ తగ్గించాలో తోచడం లేదని రాశారు. ముందుగా, మీ ప్రమేయం లేకుండానే ఖాతాలోంచి పోతున్న సొమ్మును చూడండి. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిస్తే, ఇంట్లో ఎవరూ చూడని ఓటీటీ చందాలు కూడా వరుసగా కనిపిస్తాయి, వాటిని అక్కడే రద్దు చేసుకోవచ్చు. సినిమా విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల వరకు టికెట్టుపై జీఎస్టీ 5 శాతమే, అంతకు మించితే 18 శాతం. అయినా అసలు బరువు టికెట్టుది కాదని, ఆన్‌లైన్ బుకింగ్ రుసుముదీ, విరామంలో కొనే పాప్‌కార్న్, కూల్‌డ్రింకులదీనని నా అభిప్రాయం. పిల్లల సరదాకు మాత్రం దయచేసి కోత పెట్టకండి. ఒక ఆదివారం పులిహోర కలిపి డబ్బాలో సర్దుకొని కొత్తపట్నం తీరానికి వెళితే, దారి ఖర్చులతోనే సాయంత్రమంతా హాయిగా గడుస్తుంది. అలల్లో లోతుకు మాత్రం వెళ్లనివ్వకండి.