గ్రూపు వర్కులో ఇద్దరే పనిచేస్తుంటే

నమస్తే మేడమ్. ఏడో తరగతిలో నలభై మందిని ఎనిమిదేసి చొప్పున కూర్చోబెడితే ఇద్దరే చేస్తున్నారు, మిగతావాళ్లు నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు అన్నారు. అది పిల్లల తప్పు కాదు. ఎనిమిది మందికి సరిపడా పని అక్కడ లేదు. గ్రూపుకి నలుగురు చాలు.

లోలకం (దారానికి వేలాడుతూ ఊగే బరువు) పాఠంతో మొదలుపెట్టండి. గ్రూపుకి మీటరున్నర దారం, ఒక ఇనుప నట్టు, స్కేలు, వాచీ కావాలి. ఒకరు నట్టు వదలాలి, ఒకరు ఊగులు (అటు వెళ్లి తిరిగి వదిలిన చోటికి వస్తే ఒకటి) లెక్కపెట్టాలి, ఒకరు టైము చూడాలి, ఒకరు రాయాలి. ప్రతి కొలతకీ పనులు మార్చండి, లేకపోతే చురుకైన పిల్ల చేతిలోనే వాచీ ఉండిపోతుంది.

దారం ముట్టుకోకముందే, "దారం పొడవు నాలుగింతలు చేస్తే పది ఊగులకు పట్టే టైము ఎన్నింతలవుతుంది?" అని అడిగి, రెండు నిమిషాలు మాట్లాడకుండా ఎవరి ఊహ, ఎవరి కారణం వాళ్లు రాసుకోనివ్వండి. ఇది మాత్రం దాటేయొద్దు, ఆలోచన మొదలయ్యేది ఇక్కడే. చాలామంది నాలుగింతలే అంటారు. తీరా చూస్తే పది ఊగులకు 25 సెం.మీ. దారంతో సుమారు 10 సెకన్లు, 100 సెం.మీ.తో సుమారు 20 సెకన్లే వస్తాయి. అప్పుడు వాదించుకోనివ్వండి, జవాబు మీరు చెప్పకండి.

10 సెకన్లు రావాల్సిన చోట 9 వచ్చిందంటే, నట్టు వదలగానే "ఒకటి" అని ఉంటారు. అక్కడ "సున్నా" అనాలి. పొడవు ముడి దాకా కాదు, నట్టు మధ్య వరకు కొలవాలి. కొంచెమే పక్కకి లాగి వదలాలి.

గ్రూపులో పిల్లలకు 1 నుంచి 4 నంబర్లివ్వండి. చివర్లో చీటీలో ఏ నంబరు వస్తే వాళ్లే గ్రూపు తరఫున చెప్పాలి. మార్కులు సరైన ఊహకి కాదు, రాసిన కారణానికి వేయండి.