నాలుగడుగుల లకుముకి పిట్ట

అమ్మడూ,

ఆశీస్సులు. దొడ్లో తిరిగే పిట్టల్ని కాగితంతో పెద్దవిగా చేసి వసారాలో పెడతానన్నావు. బాగుంది. కానీ మూడూ ఒక్కసారి మొదలెట్టకు. ముందు లకుముకి చెయ్, గోరింక, పికిలిపిట్ట తర్వాత చూద్దాం. లకుముకికి మెడ కనపడదు, కాళ్లు పొట్టి. విరిగే చోట్లు తక్కువ.

అసలు పిట్ట 28 సెంటీమీటర్లు. నాలుగింతలు చేస్తే 112, అంటే నాలుగడుగులకి కాస్త తక్కువ. పక్కనుంచి తీసిన ఫోటో మీద గళ్లు గీసి, ఆ లెక్కన గచ్చు మీద సుద్దముక్కతో పూర్తి కొలత బొమ్మ వేసుకో. తీగ ఆ గీత మీదే వంచు. కంటి అంచనాతో వంచితే తల చిన్నదైపోతుంది, అప్పుడు ఎన్ని రంగులేసినా అది లకుముకి కాదు.

వెన్నుకీ కాళ్లకీ 8 ఎం.ఎం. చువ్వ. కాళ్ల చువ్వలు పొట్ట దగ్గర ఆగిపోకూడదు, లోపలికెళ్లి వెన్ను చువ్వకి రెండుచోట్ల గట్టిగా కట్టాలి. ఒంటికి వెదురు బద్దలు గుండ్రంగా వంచి జీఐ తీగతో (జింకు పూత ఉన్న ఇనప తీగ) కట్టి, పైన కోళ్ల మెష్ చుట్టు. ముక్కుకి రెండు వెదురు బద్దలు సన్నగా చెక్కు. అవి బయట ఎంత పొడుగుంటాయో అందులో సగమైనా తలలోపలికి పోయి వెన్నుకి ముడిపడాలి. కాగితం ముద్దతో ముక్కు చేస్తే తడి బరువుకి వాలిపోతుంది, ఆరాక తలకి అతికే చోట పగులుతుంది.

కాగితం వెయ్యకముందే బరువు చూడు. అస్థిపంజరాన్ని వీపు మీద ఒక చోట పురికొసతో వేలాడదియ్యి. ఏ చోట కడితే ముందుకీ వెనక్కీ వాలకుండా నిలుస్తుందో, పాదాలు సరిగ్గా దాని కిందికి రావాలి. రాకపోతే చువ్వ ఇప్పుడే వంచు. పీఠానికి అడుగున్నర చదరం, నాలుగంగుళాల మందం సిమెంటు దిమ్మ పొయ్యి, యాభై కిలోల దాకా తూగుతుంది. చువ్వలు నేరుగా అందులో పాతెయ్యకు. చువ్వ దూరేంత పైపు ముక్కలు రెండు పాతు, పిట్టని ఎత్తి దించుకోవచ్చు. ఎందుకంటే ఆరబెట్టే రోజుల్లో రోజూ లోపలికి తేవాలి.

జిగురుకి ఒక గ్లాసు మైదాకి ఐదు గ్లాసుల నీళ్లు. మైదాని ముందు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, తర్వాత మరిగే నీళ్లలో పొయ్యి. తెల్లగా ఉన్నది గాజులా మెరిసేదాకా కలుపుతూ ఉండు. కిలో మైదాకి ఒక చెంచా మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తే బొద్దింకలు ముట్టుకోవు. అది విషం. వంటగిన్నెలో కలపకు, ఇనప గిన్నెనైతే తినేస్తుంది, పాత ప్లాస్టిక్ బకెట్టు వాడు. చేతికి తొడుగులు తప్పనిసరి. పిల్లలు చెయ్యి వేసే పనైతే మైలతుత్తం మానేసి ఏ పూటకాపూట కాచుకో.

పేపరు కత్తిరించకు, చింపు. చింపిన అంచు పక్కముక్కలో కలిసిపోతుంది, కత్తిరించినది మెట్టులా కనపడుతుంది. రెండంగుళాల వెడల్పు పట్టీలు చాలు. మొదటి వరస పొడుగ్గా వేస్తే రెండోది అడ్డంగా. ఒక వరస తెలుగు పేపరు, మరో వరస ఇంగ్లీషు పేపరు వెయ్యి, ఎక్కడ తప్పిపోయిందో కంటికే తెలుస్తుంది. (ఆదివారం సంచికల నున్న కాగితం పక్కన పెట్టు, జిగురు పీల్చదు.) మొత్తం ఎనిమిది వరసలు. ఒక విడతకి మూడు మించకూడదు.

పని చెడేది ఎక్కువగా ఆరబెట్టడంలోనే. మన కాలవల గాలిలో తడెక్కువ, అందుకే సంక్రాంతి వెళ్లాక మొదలెట్టి వానల్లోపు ముగించు. తడిది తీసుకెళ్లి నేరుగా మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే పైపొర బిగుసుకుని లేస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. మొదటి పూట నీడలో, గాలి తగిలేచోట. మర్నాడు ఎండలో, గంటకోసారి తిప్పుతూ. పొద్దు వాలకముందే లోపలికి, లేకపోతే మంచు పీల్చేస్తుంది. పొట్ట కింద అరచేతంత కన్నం వదిలితే లోపలి తడి బయటికొస్తుంది. ఆరిందా లేదా చూడ్డానికి చెంప ఆనించు. చల్లగా తగిలితే ఆరనట్టే. గోటితో కొడితే డబ్బామీద కొట్టినట్టు మోగాలి. బూజు వాసనొస్తే ఆ ముక్క ఊడదీసెయ్యి, రంగు కింద దాగదు.

నానబెట్టి రుబ్బిన కాగితం ముద్దలో సుద్దపొడి, ఫెవికాల్ కలిపి కనురెప్పలకీ వేళ్లకీ మాత్రం వాడు. ఈకలన్నీ చెక్కబోకు. రెక్క చివర, తోక మాత్రం దళసరి అట్టతో కోస్తే చాలు.

తర్వాత సుద్దపొడి, ఫెవికాల్, నీళ్లు కలిపిన పూత రెండుసార్లు. ఆరాక 120, ఆపైన 220 నంబరు గరుకుకాగితం. తల చాక్లెట్ రంగు, గొంతూ రొమ్మూ తెలుపు, ముక్కూ కాళ్లూ ఎరుపు. రెక్క భుజం దగ్గర చాక్లెట్, దాని కింద నల్లపట్టీ. వీపు నీలం ఒక్క డబ్బాతో రాదు. ఆ ఈకల నీలం రంగు వల్ల వచ్చింది కాదు, వెలుతురు చెదిరి కనపడేది. అందుకే ముందు ముదురు నీలం వేసి, పొడి బ్రష్‌తో లేతది, ఆపైన కొద్దిగా ఆకుపచ్చ కలిసినది రాయి. వార్నిష్ రెండు పూతలు, పొట్ట కన్నంలోంచి లోపల కూడా. ఒంటికి మెరుపు లేనిది, కంటికి మాత్రం మెరిసేది.

వార్నిష్ ఉంది కదా అని వానలో వదలకు, చూరు కిందే ఉంచు. పాదాల చుట్టూ నెలకోసారి చూడు, చెదలకి కాగితం కంటే ఇష్టమైంది లేదు.

గచ్చు మీద బొమ్మ గీశాక, తీగ వంచకముందే ఫోటో తీసి పంపు. కాళ్లు ఎక్కడ దించాలో గుర్తు పెట్టి పంపుతాను.

పెదనాన్న