ఓనరు అద్దె తగ్గించనంటే ఏం చేయాలి?

బ్రోకరుగా మీరు చూస్తున్న అమీర్‌పేట షాపు ఖాళీగా పడి ఉంది, ఓనరు నెలకు లక్ష అద్దె నుంచి రూపాయి కూడా దిగడం లేదు అన్నారు కదండీ. టెన్షన్ పడకుండా ముందు ఆయనకు కాగితం మీద లెక్క వేసి చూపించండి. ఆరు నెలలు ఖాళీగా ఉంటే పోయేది 6 లక్షలు. నెలకు పదివేలు తగ్గిస్తే ఏడాదికి పోయేది 1.2 లక్షలే.

అప్పటికీ ఒప్పుకోకపోతే అద్దె జోలికి పోకండి. ఇంటీరియర్ పనులకని మొదటి రెండు నెలలు అద్దె లేకుండా ఇమ్మనండి. అగ్రిమెంట్‌లో లక్ష అనే ఉంటే బిల్డింగ్ విలువ పడిపోదు. చాలామంది ఓనర్లకు అసలు బెంగ అదే. అడ్వాన్స్ కూడా కాస్త తగ్గించమనండి. గిరాకీ లేని రోజుల్లో వ్యాపారికి చేతిలో డబ్బు ఆడటం ముఖ్యం.

ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లాకిన్ గడువు, అంటే ఎంతకాలం దాకా మధ్యలో ఖాళీ చేయకూడదో, అందులో స్పష్టంగా రాయించండి. ఈలోగా మీరు ఇదివరకు ఇప్పించిన షాపుల్లో లీజు అయిపోవస్తున్నవి ఏవో చూసి, వాటిలోని వ్యాపారులకు ఇవాళే ఫోన్ చేసి తర్వాత ఏం చేయబోతున్నారో కనుక్కోండి.