మేడందే రైటు, నేనూ మిర్చి యార్డులో ఇదే తప్పు చేశాను

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. 3.4467ను ఒక దశాంశ స్థానానికి సవరించమని హోంవర్క్ ఇచ్చారు. చివరి నుంచి ఒక్కో అంకె సవరించుకుంటూ వస్తే నాకు 3.5 వచ్చింది, మేడం దాన్ని కొట్టేసి 3.4 అని దిద్దారు. ఎవరిది తప్పు?

మేడందే రైటండీ. మీరు ఎక్కడ జారారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే సరిగ్గా అక్కడే జారి నేను గుంటూరు మిర్చి యార్డులో నలుగురి ముందు పరువు పోగొట్టుకున్నాను.

మీ లెక్క ఇలా నడిచి ఉంటుంది. చివర 7 ఉంది కాబట్టి 3.447, మళ్ళీ 7 కాబట్టి 3.45, ఇప్పుడు 5 వచ్చింది కాబట్టి 3.5. ఎంతో పద్ధతిగా చేసినట్టే ఉంటుంది. కానీ 3.4467 అసలు 3.45 కూడా లేదు, అంటే అది 3.5 కన్నా 3.4కే దగ్గర. దారిలో మీరు కలుపుకుంటూ వచ్చిన చిన్న చిన్న ముక్కలే దాన్ని గట్టు దాటించాయి. ఏ స్థానానికి సవరించాలో దాని కుడిపక్క ఉన్న ఒక్క అంకెను చూడాలి. ఇక్కడ అది 4. వదిలెయ్యాలి. దాని వెనక 6 ఉన్నా, తొమ్మిదులు బారులు తీరి ఉన్నా మనకు పని లేదు.

ఇక యార్డు సంగతి. 2008 ఏప్రిల్, టెన్త్ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉన్నాను. మాది ప్రత్తిపాడు వైపు పల్లె, నాన్న ఆ ఏడు రెండెకరాల్లో తేజ రకం మిర్చి వేశాడు. 64 బస్తాలు రాత్రి ట్రాక్టరు మీద వేసుకుని తెల్లారేసరికి యార్డుకు చేరాం. అక్కడికి ఎప్పుడైనా వెళ్ళారా? లోపల అడుగుపెట్టగానే తుమ్ములు మొదలవుతాయి, అక్కడ పనిచేసే హమాలీలు మాత్రం మూతికి తువ్వాలు కూడా లేకుండా కబుర్లు చెప్పుకుంటూ బస్తాలు మోస్తుంటారు. ధర క్వింటాలుకు 5,200 పలికింది. నాన్న మొహం వెలిగింది. మధ్యాహ్నం కాటా మొదలైంది.

ఎలక్ట్రానిక్ కాటా, అంకెలు ఎర్రగా వెలుగుతున్నాయి. హమాలీలు బస్తా ఎత్తి పెడతారు, కమీషన్ కొట్టు గుమస్తా చూసి పుస్తకంలో రాసుకుంటాడు. ఊరికే నిలబడలేక నేనూ ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను, ఒక పక్క కాటా చూపించిన అంకె ఉన్నదున్నట్టు, ఇంకో పక్క రౌండ్ చేసిన కేజీలు. ఆరేడు బస్తాలయ్యాక తెలిసింది, ఆయన పాయింటు తర్వాత ఏమున్నా చూడట్లేదు. 43.82 వస్తే 43. 44.96 వచ్చినా 44 అనే రాశాడు, పైగా పైకి చదివి మరీ. అడిగితే "పాయింట్లు ఎవరు రాస్తారు అబ్బాయ్, ఇక్కడ అందరికీ ఇంతే" అన్నాడు. గోతం తరుగు కింద కోసేది ఎటూ వేరే ఉంది.

కాటా అయ్యేసరికి ఆయన మొత్తం 2,752 కేజీలు, నాది 2,783. పాయింట్లతో సహా కూడితే కాటా చూపించింది 2,781.64. అంటే మాకు పోయింది 29.64 కేజీలు, ఆ ధర ప్రకారం 1,541 రూపాయల 28 పైసలు. ఇప్పుడు చిన్న మొత్తంలా కనిపిస్తుందేమో గానీ ఆ రోజుల్లో మా ఇంట్లో అది నెల సరుకులు. నోట్‌బుక్ పట్టుకుని నేరుగా కొట్టు యజమాని ముందుకు వెళ్ళిపోయాను, నాన్న వెనక నుంచి చొక్కా లాగుతున్నా ఆగకుండా.

యజమాని నోట్‌బుక్ తీసుకుని గుమస్తాకిచ్చాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండు నిమిషాలు చూసి ఒక బస్తా దగ్గర వేలు పెట్టాడు. "42.46కి 43 ఎట్టా రాశావ్?" నేను గడగడా చెప్పాను, 6 ఉంది కాబట్టి 42.5, 5 వచ్చింది కాబట్టి 43 అని. ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తే. "అర కేజీ నిండకుండానే నీకు కేజీ వచ్చిందా? ముందు లెక్కలు నేర్చుకుని రా, తర్వాత తగువుకు రా." ఇంకో బస్తా 44.48, దానికీ అలాగే 45 రాసి ఉన్నాను, అదీ పట్టుకున్నాడు. చుట్టూ ఉన్న వాళ్ళు నవ్వారు. 62 బస్తాలకు సరిగ్గా రాసిన సంగతి ఎవరికీ పట్టలేదు. నాకు మండింది ఆ నవ్వుకి కాదు, సవరించడం ఎలాగో నాకన్నా బాగా తెలిసిన మనిషి పొద్దుట్నుంచీ పాయింట్లు కోసేస్తూ కూర్చున్నాడే, అందుకు.

చివరికి యజమాని "పిల్లాడు కష్టపడ్డాడు, 15 కేజీలు కలిపి రాయి" అని తేల్చాడు. నాన్న సరేనన్నాడు. నేను బస్సెక్కేదాకా గొణుగుతుంటే "ఎరువులకూ మందులకూ అప్పిచ్చింది ఆయనే కదరా, మళ్ళీ జూన్‌లో ఎవరి దగ్గరికి పోవాలి" అన్నాడు. దానికి నా నోట్‌బుక్‌లో లెక్క లేదు.

ఆ రెండు తప్పులు దిద్దుకుంటే నా మొత్తం 2,781 అయింది, అసలు బరువుకు ముప్పావు కేజీ కూడా తేడా లేదు. న్యాయంగా సవరిస్తే కొన్ని బస్తాల్లో కలిసేది, కొన్నిట్లో పోయేది దాదాపు చెల్లుకు చెల్లు అయిపోతుంది. కోసేస్తే మాత్రం ప్రతి బస్తాలోనూ పోవడమే, వచ్చేదంటూ ఉండదు. కెనడాలో వాంకోవర్ స్టాక్ ఎక్స్ఛేంజి వాళ్ళకూ ఇదే జరిగింది. 1982లో 1000 దగ్గర సూచీ మొదలుపెట్టి, ప్రతి లావాదేవీకీ మూడు దశాంశ స్థానాల తర్వాత ఉన్నది కోసేస్తూ పోయారు. మార్కెట్ బాగానే ఉన్నా 1983 నవంబరుకల్లా సూచీ దాదాపు సగానికి దిగిపోయింది, లెక్క సరిచేసి చూస్తే 1098 పైన ఉంది. అంత పెద్ద సంస్థకే మా యార్డు తెగులు పట్టింది చూడండి.

ఇప్పుడు నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల కొట్టుకు లెక్కలు రాస్తున్నాను, అంటే గుమస్తానే అయ్యాను. జీఎస్టీ చట్టం ప్రకారం పైసల్ని రూపాయికి సవరించడం తేలిక, 50 పైసలు, ఆ పైన ఉంటే రూపాయి, లోపుంటే వదిలెయ్యడం. ఆదాయపు పన్ను లెక్కలో ఇంకో ముచ్చట ఉంది, మీ ప్రశ్నకు అది అచ్చంగా సరిపోతుంది. ఆదాయాన్ని దగ్గరి పదికి సవరించాలి కదా, అక్కడ ముందు పైసలు పూర్తిగా వదిలెయ్యమంటారు, ఆ తర్వాతే చివరి అంకె 5 ఉందా లేదా అని చూడాలి. 3,47,284 రూపాయల 90 పైసలు అనుకోండి, పైసలు వదిలేస్తే చివర 4, కాబట్టి 3,47,280. మీలాగా ముందు పైసల్ని రూపాయికి సవరిస్తే 285, అక్కణ్ణుంచి 290. పది రూపాయలు ఉత్తపుణ్యానికి పెరిగాయి. కోసెయ్యడం తప్పన్నవాడివి ఇక్కడ కోస్తే ఒప్పా అని అడగకండి, కోసి అక్కడే ఆపేస్తే మోసం, పక్క అంకె చూడటానికి అడ్డు తీసేస్తే అది సవరించడంలో భాగమే.

బజార్లో అయితే నేను రాసిస్తాను, ఎవరు రౌండ్ చేస్తే వాళ్ళ జేబులోకే. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లవన్నారు, బాగానే ఉంది. 50 పైసలు మాత్రం ఇప్పటికీ చెల్లుబాటే, కావాలంటే బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో అతనికి ఇచ్చి చూడండి ఏమంటాడో. ఇక కిరాణా కొట్టులో 2 రూపాయలు రావాల్సిన చోట చాక్లెట్ చేతిలో పెడతారు, అదే చాక్లెట్ రెండు తీసుకెళ్ళి నేను ఉప్పు ప్యాకెట్‌కి ఇస్తే తీసుకోరు. ఒకసారి నిజంగానే ఇచ్చాను. మా ఆవిడ అప్పట్నుంచి ఆ కొట్టుకి నాతో రావడం మానేసింది.

సరే, మీ పాప సంగతి. ఒక గీత గీసి ఈ చివర 3.4, ఆ చివర 3.5 రాయమనండి, సరిగ్గా మధ్యలో 3.45. 3.4467ని ఆ మధ్య గుర్తుకు ఎడమ పక్కన పెట్టాలో కుడి పక్కన పెట్టాలో తననే అడగండి, మీరు నోరు మెదపకండి. రేపు స్కూలుకెళ్ళి మేడంని అడిగేద్దామనుకుంటుంటే మాత్రం ఆగండి, ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు.