రెండో తరగతికి ఆకారాలు చెప్పబోయే మేనకోడలికి

అమ్మలూ,

ఆకారాల పాఠం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కదా. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నాను.

ముందు గోడ మీది చార్టు తీసి పక్కన పెట్టు. అందులో త్రిభుజం కొన ఎప్పుడూ పైకే ఉంటుంది, చతురస్రం ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. నేను కొత్తగా చేరిన ఏడాది ఆ చార్టుతోనే పేర్లన్నీ కంఠతా పట్టించాను. ఒకరోజు అట్టముక్క చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి చూపిస్తే, "అది గాలిపటం టీచర్!" అన్నారు క్లాసంతా. తప్పు పిల్లలది కాదు. నేను పేరు నేర్పాను, గుణం నేర్పలేదు. అందుకే ఏ ఆకారమైనా నాలుగు వైపులా తిప్పి చూపించు.

చీపురు పుల్లలు, సైకిల్ షాపులో దొరికే సన్నని రబ్బరు వాల్వు ట్యూబు తీసుకెళ్లు. ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, రెండు పుల్లల చివరలు అందులో దూరిస్తే మూల తయారవుతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేయించి నొక్కమను, రూపం మారదు. ఒకటి బాగా పొడుగు, రెండు పొట్టివి ఇచ్చి చూడు, చివరలు కలవనే కలవవు. ఇక నాలుగు సమానమైన పుల్లలతో చతురస్రం చేయించు. ఒక మూల నొక్కగానే పక్కకు వాలిపోతుంది. అక్కడ ఆగి, "పుల్లలు మారాయా? మరి ఏం మారింది?" అని అడుగు. జవాబు నువ్వు చెప్పకు, ఎంతసేపైనా సరే. ఎవరో ఒకరు "మూల" అంటారు. ఆ మాట పిల్లల నోటి నుంచే రావాలి.

అప్పుడు ఒక కాగితం మడిపించి, ఆ మడత అంచు దాని మీదకే వచ్చేలా మళ్లీ మడిపించు. వచ్చేది నిటారు మూల. లంబకోణం అనే మాటకు ఇప్పుడే తొందర లేదు. ఆ మూల పట్టుకొని పలక, కిటికీ, తలుపు అన్నీ కొలిచి రమ్మను.

చదరంగా ఉన్న రుమాలును మూల నుంచి మూలకు మడిస్తే అంచులు కలుస్తాయి, నోట్‌బుక్కు కాగితానికి కలవవు. భుజాల తేడా అక్కడే తెలిసిపోతుంది. ఎవరైనా "చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనా?" అని అడిగితే మాత్రం కాదని చెప్పకు. నాలుగు నిటారు మూలలున్నాయి, ఎదురెదురు భుజాలు సమానం, కాబట్టి అవును. ఇప్పుడు కాదంటే పెద్ద తరగతిలో ఆ మాట మరిచిపోవడానికి చాలా కష్టపడతారు.

ఇంకొకటి, పిల్లలు బంతినే వృత్తం అంటారు, అగ్గిపెట్టెనే దీర్ఘచతురస్రం అంటారు, అది పొరపాటు. పెట్టెను పలక మీద పెట్టి చుట్టూ గీయించు, గీత లోపల మిగిలిందే మన ఆకారం. వృత్తానికి గిన్నె మూత చాలు. కుదిరితే ఇసుకలో మేకు పాతి, దారం కట్టి, దారం బిగువు తగ్గకుండా పుల్లతో గీయించు. మధ్య నుంచి అంచుకు ఎటు చూసినా అంతే దూరమని దారమే చెబుతుంది.

పుల్లల మొనలు ముందే కత్తిరించు. ట్యూబు ముక్కలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకో, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

మీ అత్తయ్య