చేరిన పిల్లలు చివరిదాకా నిలవాలంటే

ప్రశ్న: కందుకూరు పరిసరాల్లోని ఒక డిగ్రీ కళాశాలలో పనిచేస్తున్నాను. వేసవంతా ఊరూరా తిరిగి కరపత్రాలు పంచి ఎలాగో సీట్లు నింపుతున్నాము గాని, రెండో సెమిస్టర్ సగానికి వచ్చేసరికి తరగతిలో సగం బల్లలు ఖాళీ అవుతున్నాయి. ఈ పిల్లలను నిలుపుకోవడం ఎలా?
– ఒక అధ్యాపకుడు

జవాబు: మీరు చెప్పిన ఆ నెలల్లోనే మీ ప్రాంతంలో పొగాకు కోతలు, ఆకును ఆరబెట్టే బ్యారన్ల పని ముమ్మరంగా సాగుతాయి. తీరం వైపు ఊళ్లలోనైతే, రాత్రంతా రొయ్యల గుంట మీద పట్టుబడి పనిలో ఉన్న కుర్రవాడు మర్నాటి ఉదయం తరగతికి రాలేడు. వీరెవరూ చదువు మానేద్దామని ఒకనాడు కూర్చుని నిర్ణయించుకోరు. పది రోజులు రాక, ఆ పాఠాల నోట్సు లేక, తిరిగి వస్తే అందరి ముందు మాట పడవలసి వస్తుందేమోనని జంకి, క్రమంగా జారిపోతారు. సెమిస్టర్ చివర 75 శాతం హాజరు లేనివారి పేర్లు నోటీసు బోర్డుకు అంటించే నాటికి ఆ పిల్లవాడు మీకు దక్కకుండా పోయి చాలా రోజులై ఉంటుంది.

కాబట్టి వరుసగా మూడు రోజులు రాని విద్యార్థి ఇంటికి ఆ వారంలోనే ఫోను చేయండి. ‘ఎందుకు రాలేదు’ అని నిలదీయకుండా, ‘పని ఎప్పటికి తెములుతుంది’ అని అడగండి. వచ్చిన రోజున తప్పిన పాఠాలు చెప్పేందుకు ఒక గంట కేటాయించండి. అయితే దరఖాస్తులో ఉన్న నంబరు చాలాసార్లు నెట్ సెంటర్ వారిదో, ఎక్కడో ఉన్న మేనమామదో అయి ఉంటుంది. తల్లి నంబరు, పక్కింటివారి నంబరు మొదటి వారంలోనే మళ్లీ రాయించుకోవడం మంచిది. ఇందుకు ఒక్కో అధ్యాపకుడికి ఇరవై మందిని అప్పగిస్తే చాలు. కళాశాలలను పరిశీలించి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం రాబోయే ముందు రాత్రి ఒకే కలంతో నిండిపోయే మెంటార్ రిజిస్టర్లను నేను చాలా చూశాను. అవి ఎవరినీ నిలపవు.

ప్రవేశాల విషయానికి వస్తే, కరపత్రాల కంటే మీ రెండో సంవత్సరం విద్యార్థులను వారు చదివిన జూనియర్ కళాశాలలకే, ఇంటర్ పరీక్షలకు ముందుగా పంపడం మేలు. 2020 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి; 2023–24లో ఒకే మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు ఎంచుకునే విధానం వచ్చింది. ఆ మేజర్‌లో ఏముంటుందో తెలియకుండా నెట్ సెంటర్‌లో ఎవరో నొక్కిన ఆప్షన్‌తో చేరిన విద్యార్థికి తొలి నెలలోనే విసుగు పుట్టడం సహజం.

ఇప్పటికే మానేసినవారిని కూడా వదులుకోకండి. పాసైన సబ్జెక్టులకు వచ్చే క్రెడిట్లను విద్యార్థి ఖాతాలో దాచి ఉంచేందుకు 2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమ అయిన క్రెడిట్లు సాధారణంగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి. నిరుడు మానేసినవారి పేర్లు తీసి, వారి ఖాతాల్లో ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో చూసి, బ్యారన్ల పని ముగిశాక వారి ఇళ్లకు ఒకసారి వెళ్లి రండి.